టెండరు కాగితం చదవడం – అద్దె బండ్లు, పుస్తకాల సరఫరా

(కె.గంగవరంలో జరిగిన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం బడిలో అలిఫ్, బే చెప్పుకొనేవారికి టెండర్లతో పనేమిటని కొందరికి అనుమానం రావచ్చును. కార్యదర్శిగారు ఈ అంశం ఇచ్చినప్పుడు మాకూ వచ్చింది. అయితే టెండరు అంటే ఏమిటండీ? అదొక కాగితం. కాగితం చదివించడం మా పనే గదా. మన వాళ్ళలో డ్రైవర్లు, మెకానిక్కులు ఎక్కువ. అప్పు చేసి సొంత కారు కొనుక్కొన్న కుర్రాళ్ళున్నారు. పుస్తకాల కొట్టు, బైండింగు పని చేసుకొనే కుటుంబాలూ ఉన్నాయి. వీరిలో టెండరు వేసినవారు కొందరు బాగుపడ్డారు. కొందరు కారు పోగొట్టుకొన్నారు. పోగొట్టుకొన్నవాళ్ళ సంగతి విచారిస్తే, చాలామంది ఆ కాగితంలో చివరి పేజీలోని రేటు గడి తప్ప మిగిలిన పేజీలు చదవలేదు. మేము చెప్పదలచింది ఈ మిగిలిన పేజీల గురించే.

మొదట ఒక తేడా. మన ప్రాంతంలో పాట అంటే తెలియనివారు లేరు. కోటిపల్లి రేవు పాట, చెరువు పాట, సంత పాట అందరం చూసినవే. అక్కడ ఎక్కువ పాడినవాడిది గెలుపు. నలుగురి ఎదుటా నోటితో పాడతాడు కాబట్టి పక్కవాడి పాట వినిపిస్తుంది, ఆగాలో పెంచాలో తెలుస్తుంది. టెండరు దీనికి తలకిందులు. ఇక్కడ తక్కువ రాసినవాడిది గెలుపు, ఆ రాసిందేమో కవరులో మూసి ఉంటుంది. పాటలో అలవాటుపడ్డ పౌరుషం టెండరులోకి తెచ్చుకొంటే చిక్కు. "ఎలాగైనా మనకే రావాలి" అని రేటు దించి రాసేస్తారు. వస్తుంది కూడా. ఆ వచ్చిన రోజు నుంచి కష్టం మొదలవుతుంది.

ఇంకొక ముచ్చట. టెండరు ఇంగ్లీషు మాటే కాని, దాని చుట్టూ ఉన్న మాటలు చూడండి: దరఖాస్తు, రసీదు, జమ, ఖర్చు, బాకీ, వసూలు, కిరాయి, జామీను. ఇవన్నీ ఉర్దూ దారిన తెలుగు కచేరీల్లోకి వచ్చి స్థిరపడ్డవి. మాటలు మన ఇంట్లోవే, వాటి వెనుకనున్న లెక్కే మనకు కొరుకుడు పడదు.

పూర్వం లక్క ముద్ర వేసిన కవరు తీసుకెళ్ళి పెట్టెలో వేసేవారు. ఆ పెట్టె దగ్గర నిలబడి కొత్తవాళ్ళను కవరు వేయనివ్వకుండా బెదిరించిన రోజులూ పెద్దలకు గుర్తే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ పద్ధతి వచ్చాక పెద్ద పనుల టెండర్లు కంప్యూటరు మీదకు మారాయి. కేంద్ర ప్రభుత్వం 2016 ఆగస్టులో జెమ్ అనే అంగడి పెట్టింది. చిన్న మొత్తాల పనులకు మాత్రం ఇప్పటికీ కొటేషన్లు, సీలు కవర్లు నడుస్తున్నాయి. మన జిల్లా కేంద్రం 2022 ఏప్రిల్ 4 వరకు కాకినాడ, ఆనాటి నుంచి అమలాపురం. కనుక జిల్లా కచేరీల నోటీసుల కోసం ఇప్పుడు చూడవలసింది అమలాపురం వైపు.

కంప్యూటరులో టెండరు వేయడానికి డిజిటల్ సంతకం కావాలి. దానినీ డీఎస్సీ అనే అంటారు. ఉపాధ్యాయులకు డీఎస్సీ అంటే వేరే అర్థం కాబట్టి మొదటిసారి విన్నప్పుడు మేము నవ్వుకొన్నాము. అది చిన్న తాళంచెవిలాగ ఉంటుంది. మన కుర్రాళ్ళు దానిని, దాని పాస్‌వర్డును కలిపి ఇంటర్నెట్ సెంటరువాడి సొరుగులో వదిలేసి వస్తున్నారు. సంతకం చేసిన ఖాళీ చెక్కు పుస్తకం ఎవరి దగ్గరైనా వదులుతామా?

ఇక బండ్ల సంగతి. మండల అధికారులు, వైద్య ఆరోగ్య శాఖ, ఐసీడీఎస్, ఓ.ఎన్.జీ.సీ. వంటి కేంద్ర సంస్థలు నెల కిరాయికి బండ్లు పెట్టుకొంటాయి. ఎన్నికలప్పుడు తీసుకొనే బండి వేరు. అది 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం కింద ప్రభుత్వం కోరి తీసుకొనేది, దానికి టెండరు ఉండదు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడకూడదు.

నెల కిరాయి టెండరులో మొదట చూడవలసింది బండి అర్హత. పసుపు రంగు నంబరు పలక, పర్మిట్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ అన్నీ టెండరు కాలమంతా చెల్లుబడిలో ఉండాలి. తెల్ల పలక సొంత కారును కిరాయికి తిప్పడం 1988 మోటారు వాహనాల చట్టం 66వ సెక్షనుకు విరుద్ధం. "ఫలానా ఆఫీసులో తెల్ల పలక కారే తిరుగుతున్నది గదా" అని అడుగుతారు. తిరగవచ్చును. ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు కంపెనీ మొదట అడిగేది పర్మిట్ కాగితమే. ఆ రోజు ఆ ఆఫీసు వచ్చి మన పక్కన నిలబడదు.

తరువాత కిలోమీటర్లు, గంటలు. జెమ్‌లో నెలవారీ కారు కిరాయికి 1,500 కిలోమీటర్లు, 320 గంటలు అనీ, 2,000 కిలోమీటర్లు, 320 గంటలు అనీ రకాలుంటాయి. 320 గంటలంటే నెలకు 26 రోజుల చొప్పున రోజుకు పన్నెండు గంటల పైమాటే. కిలోమీటర్లు తక్కువే గదా అని సంతోషిస్తాము కాని, బండి, మనిషి రోజంతా అక్కడే కట్టుబడి ఉండాలి. పరిమితి దాటితే అదనపు కిలోమీటరుకు ఎంత, అదనపు గంటకు ఎంత అనేది రాసి ఉన్నదా లేదా చూడాలి. జూలై, ఆగస్టు నెలల్లో గోదావరికి వరద వస్తే అధికారులు లంకల వెంట రాత్రింబగళ్ళు తిరుగుతారు. ఆ నెల లెక్క మామూలు నెల లెక్కలాగ ఉండదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఖాళీ నడక. కిలోమీటర్లు ఎక్కడి నుంచి లెక్కిస్తారు? సాధారణంగా అధికారి ఆఫీసు నుంచి. మన బండి ఇక్కడ ఉంటుంది. ఆఫీసు అమలాపురంలో ఉంటే నడుమ గౌతమి ఉన్నది. కోటిపల్లి రేవులో పంటు ఎక్కించి ముక్తేశ్వరం దిగాలి, లేదా యానాం దగ్గర ఎదుర్లంక వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోవాలి. వరదకు పంటు ఆగిపోతే చుట్టుదారే గతి. ఈ నడకకు లాగ్‌బుక్కులో చోటు లేదు, బిల్లులో పైసా లేదు.

లెక్క వేసి చూద్దాము. ఇవి అర్థం కావడానికి మేము వేసుకొన్న అంకెలు, ఎవరి బండికి వారు తమ అంకెలు వేసుకోవాలి. ఆఫీసు పని నెలకు 2,000 కిలోమీటర్లు. లీటరుకు 18 కిలోమీటర్లు, డీజిలు లీటరు 97 రూపాయలు అనుకొంటే సుమారు 10,800. ఖాళీ నడక రోజుకు 40 చొప్పున 26 రోజులకు 1,040 కిలోమీటర్లు, దాని డీజిలు 5,600. టైర్లు, ఆయిలు, సర్వీసు కిలోమీటరుకు రూపాయి చొప్పున మొత్తం 3,000. ఇన్సూరెన్సు నెల వాటా 3,000. టాక్సు, ఫిట్‌నెస్, పర్మిట్ల వాటా 1,000. ఇంతవరకు 23,400. బ్యాంకు కంతు 12,500 కలిపితే 35,900. జీతానికి డ్రైవరును పెడితే ఇంకొక 14,000, అంటే 49,900.

ఇప్పుడు మన కుర్రవాడు "డ్రైవరు జీతం ఎందుకు, నేనే నడుపుకొంటాను" అని 34,000 రాశాడనుకొందాము. టెండరు వచ్చింది. మిఠాయి పంచాడు. నెలంతా పొద్దున్నే లేచి పన్నెండు గంటలు బండి నడిపితే చివరకు తన జేబులోంచి 1,900 రూపాయలు ఎదురు పెట్టుకోవాలి. అతని కూలి సున్న. ఇంట్లో బియ్యం ఎక్కడి నుంచి వస్తాయి? మూడు నాలుగు నెలలకు బ్యాంకు కంతు ఆగుతుంది. ఆ తరువాత ఫైనాన్సువాళ్ళు వచ్చి బండి తీసుకొనిపోతారు. బయటివారికి "టెండరు దక్కించుకొని కూడా నిలబెట్టుకోలేకపోయాడు" అని కనిపిస్తుంది. వాస్తవానికి ఆ బండి పోయింది కవరు మూసిన రోజునే. డీజిలు ధర పెరిగితే కిరాయి పెంచుతారనే షరతు లేని టెండరయితే ఇంకా ముందే పోతుంది.

సొంత కూలి లెక్కలో వేసుకోవడానికి మన వాళ్ళకు మొహమాటం. "మన బండికి మనం జీతం తీసుకోవడమేమిటి" అంటారు. ఈ మాట మా దృష్టిలో పూర్తిగా తప్పు. అదే కుర్రవాడు ఇంకొకరి బండి నడిపితే జీతం తీసుకొంటాడు గదా.

బిల్లు విషయం. నెలాఖరున లాగ్‌బుక్కు, అధికారి ధ్రువీకరణ జతచేసి బిల్లు పెడితే, అది 2018 నుంచి నడుస్తున్న సీఎఫ్‌ఎంఎస్ అనే ఆర్థిక శాఖ కంప్యూటరు గుండా పోతుంది. ఎప్పుడు ఖాతాలో పడుతుందో ఆ ఆఫీసువారూ చెప్పలేరు. మూడు నాలుగు నెలల డీజిలు చేతి డబ్బుతో పోయగలనా అని ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి. బిల్లులోంచి ఆదాయపు పన్ను కొంత కోస్తారు, పాన్ నంబరు ఇవ్వకపోతే ఆ కోత 20 శాతం. ఏడాది రాబడి 20 లక్షలు దాటని బండి యజమానికి మామూలుగా జీఎస్టీ నమోదు అక్కరలేదు. అయినా కొన్ని టెండర్లు జీఎస్టీ నంబరు తప్పదని రాస్తాయి. మనం రాసిన రేటులో జీఎస్టీ కలిసి ఉన్నట్టా, విడిగా ఇస్తారా అన్నది కూడా షరతుల్లోనే ఉంటుంది. ఈ ఒక్క వాక్యం చదవక నష్టపోయినవారున్నారు.

మనకు ఉపయోగపడే చట్టం ఒకటి ఉన్నది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం, నమోదైన చిన్న సంస్థ చేసిన సేవకు 45 రోజుల లోపల డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ. నమోదును ఉద్యమ్ అంటారు, రుసుము లేదు. ఒప్పందానికి ముందే చేసుకొని ఉండాలి. కేంద్ర సంస్థల టెండర్లలో ఇలా నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు ధరావతు మినహాయింపు కూడా ఉన్నది. ధరావతు అంటే ముందుగా కట్టే డిపాజిట్టు, కేంద్ర నిబంధనల్లో అంచనా విలువకు 2 నుంచి 5 శాతం. ఒక కారు యజమానికి ఆ డబ్బు మిగలడం చిన్న విషయం కాదు. రాష్ట్ర ఆఫీసుల్లో మినహాయింపు ఉందో లేదో ఆ టెండరు కాగితమే చెప్పాలి.

ఇంకొక పద్ధతి మన మధ్య బాగా పాకింది. పట్టణంలో ఒకాయన టెండరు వేస్తాడు. ఆయనకు బండ్లు లేవు. "తమ్ముడూ, నీ ఆర్‌సీ జిరాక్సు ఇవ్వు, నెలకు ఇంత ఇస్తాను" అంటాడు. ఆయనకు వచ్చేదెంత, మనకు ఇచ్చేదెంత అన్నది తెలియదు. ప్రభుత్వం నుంచి బిల్లు వచ్చినా "ఇంకా రాలేదు భాయ్" అంటాడు. నోటి మాట మీద సాగే ఈ వ్యవహారంలో మనకు అడిగే ఆధారమే లేదు. ఖురాన్ షరీఫ్‌లో అన్నిటికంటె పెద్ద ఆయత్ బకరా సూరాలో 282వది. అది అప్పు లావాదేవీలను సాక్షులతో రాసుకోవడం గురించినది. బడిలో పిల్లలకు చెప్పే ఈ సంగతి ఆర్‌సీ జిరాక్సు ఇచ్చేటప్పుడు పెద్దలకు ఎందుకు గుర్తురాదో మాకు బోధపడదు. నెలకు ఎంత, ఏ తేదీకి, ప్రమాదం జరిగితే ఎవరి పూచీ, ఈ మూడూ కాగితం మీద ఉంటే చాలు.

ఇక పుస్తకాలు. ఇది మా వృత్తికి దగ్గరిది కనుక కొంచెం విస్తరించి చెప్పడానికి అనుమతించండి.

పుస్తకాలు కొనే చోట్లు చాలా ఉన్నాయి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. పౌర గ్రంథాలయాలు నడిచేది ఈ డబ్బుతోనే. కలకత్తాలో 1972లో ఏర్పడిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ సంస్థ దేశమంతటా గ్రంథాలయాలకు పుస్తకాలు సమకూరుస్తున్నది. 2018లో వచ్చిన సమగ్ర శిక్షా పథకం బడి గ్రంథాలయానికి తరగతుల స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల గ్రాంటు నిర్ణయించింది. ఉర్దూ పుస్తకాలకైతే ఢిల్లీలోని ఉర్దూ భాషాభివృద్ధి జాతీయ మండలి ఉన్నది. అది తాను ప్రచురించడమే కాక, ఇతరుల పుస్తకాలను కూడా ఎంపిక చేసి టోకున కొంటుంది.

పుస్తకాల టెండరులో రేటు రాయరు. ధర పుస్తకం మీదనే అచ్చయి ఉంటుంది. రాసేది డిస్కౌంటు. ఎక్కువ తగ్గింపు ఇచ్చినవాడిది గెలుపు. అన్ని పుస్తకాలకూ కలిపి ఒకే శాతం అడుగుతారు, చిక్కంతా అక్కడే.

లక్ష రూపాయల ముఖవిలువ గల జాబితా అనుకోండి. అందులో 80,000 తెలుగు పుస్తకాలు, 20,000 ఉర్దూ. దుకాణదారు మొత్తం మీద 30 శాతం తగ్గింపు రాసి గెలిచాడు. అతనికి వచ్చేది 70,000. తెలుగు ప్రచురణకర్త అతనికి 35 శాతం ఇస్తాడనుకొంటే ఆ పుస్తకాల కొనుగోలు 52,000. ఉర్దూ పుస్తకాలు ఢిల్లీ నుంచో హైదరాబాదు నుంచో రావాలి, ప్రతి పుస్తకం రెండు మూడు ప్రతులే. అక్కడ అతనికి 20 శాతమే ఇస్తారనుకొంటే కొనుగోలు 16,000. రవాణా తెలుగుకు 2,000, ఉర్దూకు 1,000. మొత్తం ఖర్చు 71,000. వెయ్యి నష్టం. అదే అతను ఉర్దూ పుస్తకాలు వదిలేసి తెలుగు మాత్రమే సరఫరా చేస్తే 56,000 వచ్చి 54,000 ఖర్చవుతుంది, 2,000 మిగులుతుంది.

అతనేం చేస్తాడో చెప్పనక్కరలేదు గదా. ఉర్దూ పేర్ల ఎదుట "ప్రతులు లభ్యము కాలేదు" అని రాసి పంపుతాడు. ఆఫీసువారు నమ్ముతారు, ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగిసిపోతుంది, మిగిలిన డబ్బు వెనక్కి పోతుంది. మరుసటి ఏడు "మీ బళ్ళలో ఉర్దూ పుస్తకాల వాడకం లేదు" అన్న మాట వస్తుంది. ఉర్దూ మీద పగ పట్టి ఎవరూ ఇది చేయడం లేదండీ. టెండరు అమరికే వ్యాపారిని ఆ దారిన నడిపిస్తున్నది. 2022లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేస్తూ చట్టం చేసింది. చట్టం పుస్తకాన్ని అలమరలోకి తేలేదు. దానిని తెచ్చేది టెండరులో ఒక విడి జాబితా.

కనుక అడగవలసినది ఇది. ఉర్దూ పుస్తకాలను వేరే ప్యాకేజీగా పెట్టి, దానికి వేరే డిస్కౌంటు కోరమనాలి. టెండరు వేయకముందు జరిగే ప్రీ-బిడ్ సమావేశంలో ఎవరైనా ఈ ప్రశ్న రాసి ఇవ్వవచ్చు. జవాబు అందరికీ తెలిసేటట్టు ప్రకటించాలి. తేదీ దాటాక గుమ్మం దగ్గర ఎంత మొత్తుకొన్నా లాభం లేదు.

పుస్తకం వర్ణన కూడా గట్టిగా ఉండాలి. పేరు, రచయిత, ప్రచురణకర్త, ఏ సంవత్సరం కూర్పు, ఐఎస్‌బీఎన్ అనే అంకె, అట్ట ఏ రకం అనేవి లేకపోతే పాత గోడౌను సరుకు వస్తుంది. ఒక బడికి వచ్చిన పెట్టె విప్పితే ఉర్దూ పుస్తకాలు ఎడమవైపు కుట్టి ఉన్నాయి. ఉర్దూ కుడి నుంచి చదివే భాష, పుస్తకం కుట్టు కుడివైపు ఉండాలి. మొదటి పేజీ తీస్తే చివరి పాఠం. పుస్తకాలు స్వీకరించిన కమిటీలో ఉర్దూ అక్షరం తెలిసినవారు లేరు, ప్రతుల సంఖ్య సరిపోయిందని సంతకాలు చేసేశారు. స్వీకరణ కమిటీలో ఉర్దూ ఉపాధ్యాయుడు ఒకరు ఉండాలని టెండరు షరతుల్లోనే రాయించుకొంటే ఇది జరగదు.

వ్యాపారం చేసేవారికి రెండు విషయాలు. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు. నోటుపుస్తకాలకు 2025 సెప్టెంబరు 22 నుంచి తీసివేశారు. పాత పన్ను కలిపి రేటు వేస్తే టెండరు పోతుంది. రెండవది, ఇందాక చెప్పిన ఉద్యమ్ సౌకర్యం బండి యజమానికి ఉన్నట్టు పుస్తకాల కొట్టుకు లేదు. 2021 జూలైలో వర్తకులను ఉద్యమ్‌లో చేర్చుకొన్నారు కాని, అది బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం వరకే. ధరావతు మినహాయింపు వస్తుందని డిపాజిట్టు కట్టకుండా కవరు వేస్తే విప్పకుండానే పక్కన పెడతారు. బైండింగు చేసేవారు, అచ్చు వేసేవారు తయారీదారులు కాబట్టి వారి సంగతి వేరు.

ఇక చేదు మాట ఒకటి. చిన్న కొనుగోళ్ళకు మూడు కొటేషన్లు కావాలంటారు. మూడూ ఒకే చేతి రాతతో, మూడు లెటర్‌హెడ్ల మీద వస్తుంటాయి. "మొహమాటానికి సంతకం పెట్టాను" అంటారు. అలాగే నలుగురు బండ్లవాళ్ళు టీకొట్టు దగ్గర కూర్చొని ఈసారి నీకు, వచ్చేసారి నాకు అని రేట్లు పంచుకొంటారు. దానిని మనం రాజీ అనుకొంటున్నాము. 2002 నాటి కాంపిటీషన్ చట్టంలో మూడవ సెక్షను దీనిని నేరుగా నిషేధించింది. సంఘంలో కలిసి కాగితం చదువుకోవడం, లెక్క నేర్చుకోవడం తప్పు కాదు. రేటు మాత్రం ఎవరికి వారు ఇంటికి పోయి రాసుకోవాలి, ఆ గడి మన గదిలో విప్పకూడదు. ఈ నియమం పెద్దలు ఒప్పుకొంటేనే మేము వచ్చి కూర్చొంటాము.

టెండరు మనకు రాకపోతే ఎందుకు రాలేదో తెలుసుకొనే హక్కు ఉన్నది. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో, రేట్ల పోలిక పట్టిక నకలు అడగవచ్చును. నిర్ణయం అయిపోయిన తరువాత అడగాలి. ఆ పట్టిక ఒక్కటి చేతికొస్తే ఎవరు ఎంత రాశారో, మన కవరు ఏ కాగితం లోపించి పక్కకు పోయిందో కనిపిస్తుంది. మరుసటి ఏటికి దానికంటె మంచి పాఠ్యపుస్తకం లేదు.

ఆదివారాలు అసర్ నమాజు తరువాత సంఘం గదిలో ఉండడానికి మేమిద్దరు ముగ్గురు ఉపాధ్యాయులం ఒప్పుకొన్నాము. బండ్లవారు నోటీసు నకలుతో పాటు ఆర్‌సీ, పర్మిట్, పాన్, బ్యాంకు కంతు కాగితం, గత మూడు నెలల డీజిలు రసీదులు తీసుకొని రండి. రసీదులు లేకపోతే లెక్క ఊహ మీద పోతుంది. తల్లిదండ్రులకూ, తోటి ఉపాధ్యాయులకూ మా మనవి: పిల్లలకు కావలసిన ఉర్దూ పుస్తకాల పేర్లు తరగతివారీగా, ప్రచురణకర్త పేరుతో సహా రాసి ఈ నెలాఖరు లోపల ఇవ్వండి. వచ్చే ప్రీ-బిడ్ సమావేశానికి ఆ జాబితా కాగితం మీద పట్టుకొని వెళ్ళాలి.